ఈయూలో ఒక దేశం ఎలా చేరుతుంది? దరఖాస్తు నుంచి సభ్యత్వం దాకా ఒక్కో మెట్టూ

ఈమధ్య మా బంధువు ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయిని జార్జియాలో మెడిసిన్ చదివించాలని అనుకుంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్ళేమో "జార్జియాకి ఈయూ క్యాండిడేట్ హోదా వచ్చేసింది సార్, మీవాడు కోర్సు పూర్తి చేసేలోపు అది ఈయూ దేశం అయిపోతుంది, యూరప్‌లో ఎక్కడైనా డాక్టరుగా చేసుకోవచ్చు" అన్నారట. "ఇందులో నిజమెంత?" అని అడిగారు. కాదు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు, కానీ ఎందుకు కాదో తెలియాలంటే అసలు ఒక దేశం యూరోపియన్ యూనియన్‌లో ఎలా చేరుతుందో మొదటినుంచీ చూడాలి. ఆయనకి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకి ఎక్కువగా క్రొయేషియాని తీసుకుంటాను, ఎందుకంటే ఈ దారి మొత్తం నడిచి లోపలికి వెళ్ళిన చివరి దేశం అదే (2013 జులై 1). దాని తర్వాత ఇప్పటిదాకా ఇంకెవరూ చేరలేదు.

ముందు సిలబస్ తెలుసుకోండి

ఈయూ ఒప్పందంలో 49వ అధికరణ ఉంది. యూరప్‌కి చెందిన ఏ దేశమైనా, 2వ అధికరణలో ఉన్న విలువలని (మానవ గౌరవం, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, సమానత్వం, చట్టబద్ధ పాలన, మైనారిటీలతో సహా అందరి హక్కులు) పాటిస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు అని అది చెప్తుంది. 'యూరప్‌కి చెందిన' అన్న మాట ఉత్త అలంకారం కాదు. 1987లో మొరాకో అడిగితే మీరు యూరప్ కాదు కదా అని తిప్పి పంపేశారు. అదే ఏడాది దరఖాస్తు పెట్టిన టర్కీకి మాత్రం ఆ అభ్యంతరం చెప్పలేదు. సైప్రస్‌ని మ్యాపులో చూస్తే ఆసియా పక్కనే ఉంటుంది, అయినా 2004లో చేరింది. కాబట్టి ఇది భూగోళశాస్త్రంతో పాటు రాజకీయ నిర్ణయం కూడా.

అసలు పరీక్ష 1993 జూన్‌లో కోపెన్‌హాగన్‌లో దేశాధినేతలు పెట్టిన మూడు షరతులు. మొదటిది, ప్రజాస్వామ్యం, కోర్టులు, మానవ హక్కులు, మైనారిటీల రక్షణ నిలకడగా నడిచే వ్యవస్థలు ఉండాలి. రెండోది, నిజంగా పనిచేసే మార్కెట్ ఆర్థిక వ్యవస్థ ఉండాలి, అది ఈయూ లోపలి పోటీకి తట్టుకోవాలి. మూడోది, సభ్యత్వంతో వచ్చే బాధ్యతలన్నీ, అంటే ఈయూ చట్టాలు మొత్తం, మోయగలగాలి. 1995లో మాడ్రిడ్‌లో ఇంకో ముక్క కలిపారు: ఆ చట్టాలు కాగితం మీద ఉంటే చాలదు, వాటిని అమలు చేసే ఆఫీసులు, ఉద్యోగులు, జడ్జీలు కూడా ఉండాలి. నా ఉద్దేశంలో మొత్తం కథలో బరువంతా ఈ చివరి ముక్క మీదే ఉంది. చట్టం రాయడం ఒక రాత్రి పని. ఆ చట్టంతో సొంత పార్టీ మంత్రినే కోర్టు బోనులో నిలబెట్టగలరా అన్నదే అసలు ప్రశ్న.

కోపెన్‌హాగన్ షరతుల పక్కనే ఇంకో మాట కూడా ఉంది: కొత్తవాళ్ళని కలుపుకునే శక్తి ఈయూకీ ఉండాలి. అంటే మీరు ఎంత బాగా చదివినా సీటు ఖాళీ ఉందా లేదా అన్నది అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది.

మొదటి మెట్టు: దరఖాస్తు

ఇది అన్నిటికంటే చిన్న మెట్టు, ఒక ఉత్తరం అంతే. ఈయూ సభ్య దేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్‌కి పంపిస్తారు. ఉక్రెయిన్ 2022 ఫిబ్రవరి 28న పంపింది. రష్యా దాడి మొదలై అది ఐదో రోజు. ఖార్కివ్‌లో మన తెలుగు పిల్లలు బంకర్లలో ఉండి, ఇంట్లోవాళ్ళు నిద్రలేకుండా ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులవి. మార్చి 3న జార్జియా, మోల్డోవా కూడా పంపాయి.

మామూలు రోజుల్లో అయితే దరఖాస్తుకి ముందే ఇంకో ఒప్పందం జరుగుతుంది. వాణిజ్యం, సరుకుల మీద సుంకాల తగ్గింపు, చట్టాలు దగ్గర చేసుకోవడం లాంటివన్నీ అందులో ఉంటాయి. క్రొయేషియా ఆ ఒప్పందం మీద 2001లో సంతకం పెట్టి 2003 ఫిబ్రవరిలో దరఖాస్తు చేసింది. పన్నెండేళ్ళ ముందు వరకూ అది యుగోస్లావియాలో భాగం, 1995 దాకా యుద్ధం చూసిన దేశం.

రెండో మెట్టు: ప్రశ్నపత్రం

దరఖాస్తు రాగానే ఈయూ పాలన చూసే యూరోపియన్ కమిషన్ ఒక ప్రశ్నావళి పంపిస్తుంది. క్రొయేషియాకి వచ్చినవి నాలుగున్నర వేలకి పైగా ప్రశ్నలు. జడ్జిని ఎవరు నియమిస్తారు, కబేళాలో నీళ్ళు ఎక్కడికి పోతాయి, కస్టమ్స్ ఆఫీసు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా, ఈ తరహాలో దేశాన్ని నిలువునా విప్పి చూపించమంటారు. క్రొయేషియా కొన్ని నెలల్లో జవాబులిచ్చేసింది. బోస్నియాకి మూడు వేల పైచిలుకు ప్రశ్నలు వస్తే జవాబులకి ఏడాది పైనే పట్టింది, ఎందుకంటే అక్కడ ప్రభుత్వాలే అంచెలంచెలుగా ఉంటాయి, ఒకరి జవాబుకి ఇంకొకరు ఒప్పుకోవాలి. ఉక్రెయిన్ యుద్ధం మధ్యలో ఉండి కూడా వారాల్లో పూర్తి చేసింది.

జవాబులు చదివి కమిషన్ తన అభిప్రాయం ఇస్తుంది. హోదా ఇవ్వొచ్చు, లేదా ముందు ఈ పనులు చెయ్యండి అని.

మూడో మెట్టు: క్యాండిడేట్ హోదా

ఈ హోదా ఇచ్చేది దేశాధినేతలు కూర్చునే యూరోపియన్ కౌన్సిల్. ఇప్పుడు సభ్యులు 27 మంది, అందరూ ఊ అనాలి. ఒక్కరు అడ్డం తిప్పినా ఆగిపోతుంది.

జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. క్యాండిడేట్ అంటే హాల్‌టికెట్ చేతికొచ్చింది అని మాత్రమే అర్థం, పరీక్ష రాయడం ఇంకా మొదలే కాలేదు. టర్కీకి 1999 డిసెంబర్‌లో హోదా వచ్చింది, 2005లో చర్చలు మొదలయ్యాయి, 16 చాప్టర్లు తెరిస్తే ఒకే ఒక్కటి (సైన్సు, పరిశోధన) తాత్కాలికంగా ముగిసింది, ఆ తర్వాత బండి ఆగిపోయింది. ఉత్తర మాసిడోనియాకి 2005లో హోదా వస్తే చర్చలు మొదలవడానికి 2022 దాకా పట్టింది. 2005లో పుట్టిన పిల్ల 2022కి ఇంటర్ చదువుతుంటుంది.

నాలుగో మెట్టు: చర్చలు

అసలు కష్టం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

చర్చలు అన్న పేరు వినగానే ఇద్దరు కూర్చుని బేరం ఆడుకుంటారని అనుకుంటాం. ఇందులో బేరం చాలా తక్కువ. ఈయూ చట్టాల మూటని అకీ అంటారు, ఫ్రెంచి మాట. 2004లో చేరిన పది దేశాలప్పుడే అది 80 వేల పేజీలని చెప్పుకునేవాళ్ళు, తర్వాత ఇంకా పెరిగింది. ఆ మూట మొత్తం ఒప్పుకోవాలి, సొంత భాషలోకి అనువదించుకోవాలి, సొంత చట్టాల్లోకి ఎక్కించాలి. మాట్లాడుకునేది 'ఎప్పటిలోగా చేస్తారు, చేసినట్టు ఎలా చూపిస్తారు' అన్నదే.

ఆ మూటని 35 చాప్టర్లుగా విడగొట్టారు. చేపల వేట ఒక చాప్టర్, ఆహార భద్రత ఒకటి, పన్నులు ఒకటి, పర్యావరణం ఒకటి, అలా. 2020లో పద్ధతి మార్చి వీటిలో చాలావాటిని ఆరు గుంపులు చేసి వాటికి క్లస్టర్లని పేరు పెట్టారు. పని జరిగే వరుస ఇలా ఉంటుంది. ముందు స్క్రీనింగ్: రెండు పక్షాల అధికారులు ఒక్కో చాప్టర్ తీసుకుని మీ చట్టానికీ మా చట్టానికీ తేడా ఎక్కడ అని వరుసవారీగా పోల్చుకుంటారు. తర్వాత ఏం చేస్తే తెరుస్తాం, ఏం చేస్తే మూస్తాం అని షరతులు పెడతారు, వాటినే బెంచ్‌మార్కులు అంటారు. తెరవడానికీ 27 మంది ఒప్పుకోవాలి, మూయడానికీ 27 మంది ఒప్పుకోవాలి. మూసినా అది తాత్కాలికమే, మళ్ళీ వెనక్కి జారితే తిరిగి తెరవొచ్చు.

అన్నిటికంటే ముందు తెరిచి చివరగా మూసేది 'మౌలిక అంశాలు' అన్న క్లస్టర్. అందులో 23వ చాప్టర్ కోర్టులు, ప్రాథమిక హక్కులు, 24వది పోలీసు, సరిహద్దు, నేరాలు. దీనికి ముందు వరస ఇవ్వడానికి కారణం ఉంది. 2007లో రొమేనియా, బల్గేరియాలని కోర్టుల సంస్కరణ పూర్తికాకుండానే చేర్చుకున్నారు, తర్వాత సరిచేద్దాంలే అని ఒక ప్రత్యేక నిఘా పద్ధతి పెట్టారు. అది ముగియడానికి 2023 వచ్చింది. లోపలికి వచ్చాక ఒత్తిడి పెట్టడం ఎంత కష్టమో అర్థమయ్యాక, తలుపు దగ్గరే తేల్చుకోవాలని నిర్ణయించుకున్నారు. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది.

ఉక్రెయిన్‌లో 2025 జులైలో జరిగింది చూడండి. అవినీతిని దర్యాప్తు చేసే సంస్థ, దాని ప్రాసిక్యూటర్ ఆఫీసు, రెండిటి స్వతంత్రతనీ తగ్గించే చట్టం పార్లమెంటులో పాసైంది, జులై 22నే సంతకం కూడా అయిపోయింది. యుద్ధం నడుస్తుండగానే జనం రోడ్ల మీదికి వచ్చారు, కుర్రాళ్ళు అట్టముక్కల మీద చేత్తో రాసిన ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు, ఈయూ నుంచి గట్టిగా మాట వచ్చింది, జులై 31కల్లా ఆ అధికారాలు తిరిగి ఇస్తూ ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. సభ్యత్వ ప్రక్రియ అంటే ఈయూ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌లో ఫైళ్ళు కదలడం మాత్రమే కాదని చెప్పడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ దొరకలేదు. ఆ అట్టముక్కలు పట్టుకున్న పిల్లలు 23వ చాప్టర్‌ని బ్రస్సెల్స్ అధికారుల కంటే బాగా అర్థం చేసుకున్నారు.

ఆర్థికం వైపు వస్తే క్రొయేషియాకి తల ప్రాణం తోకకి తెచ్చింది ఓడల తయారీ. స్ప్లిట్, రియేకా లాంటి రేవు పట్టణాల్లో పెద్ద షిప్‌యార్డులు ఉండేవి, ఏళ్ళ తరబడి ప్రభుత్వ డబ్బుతో నడిచేవి. ఈయూ పోటీ చట్టం ప్రకారం ఒక కంపెనీకి ప్రభుత్వం అలా డబ్బు పోస్తూ ఉండకూడదు. కాబట్టి పోటీ చాప్టర్ మూయాలంటే యార్డులని ప్రక్షాళన చెయ్యాలి, ప్రైవేటుకి అమ్మాలి. యార్డు మీద బతికే ఊళ్ళలో టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ చాప్టర్ మూసింది చర్చల చివర్లో, 2011లో.

చిన్నవాళ్ళకి కూడా భయాలు ఉంటాయి. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నడిబొడ్డున దోలాట్స్ అనే మార్కెట్ ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇంట్లో చేసిన తాజా చీజ్, మీగడ తెచ్చి అమ్ముతారు, మన దగ్గర పాలూ పెరుగూ తట్టలో పెట్టుకుని వచ్చేవాళ్ళలాగా. ఈయూ ఆహార భద్రత నియమాలు వస్తే ఇక మా చీజ్ ఉండదన్న మాట అప్పట్లో బాగా వినిపించింది. ఈయూ వచ్చింది, ఆ చీజ్ ఇప్పటికీ అమ్ముతున్నారు.

బేరం చాలా తక్కువ అన్నాను కదా, అసలు లేకపోలేదు. స్వీడన్‌లో స్నూస్ అని ఒకటి ఉంది. తడి పొగాకు పొడి, చిన్న గుండ్రటి డబ్బాలో వస్తుంది, చిటికెడు తీసి పైపెదవి కింద పెట్టుకుంటారు. ఈయూలో దాని అమ్మకం నిషేధం. 1995లో చేరేటప్పుడు స్వీడన్ దానికి మాత్రం శాశ్వత మినహాయింపు తీసుకుంది, ఈరోజుకీ ఈయూలో చట్టబద్ధంగా అమ్మేది అక్కడే. ఇలాంటి శాశ్వత మినహాయింపులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువగా దొరికేది గడువు. అది అవతలివాళ్ళు కూడా అడుగుతారు: 2004లో చేరిన తూర్పు యూరప్ దేశాల కార్మికులని తమ దగ్గర పనికి రానివ్వకుండా పాత సభ్యులు గరిష్ఠంగా ఏడేళ్ళు ఆపుకోవచ్చని రాసుకున్నారు. జర్మనీ, ఆస్ట్రియా ఆ ఏడేళ్ళూ వాడుకున్నాయి. బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మొదటిరోజే తలుపులు తీశాయి.

ఈ పనులన్నిటికీ ఈయూ కొంత డబ్బు కూడా ఇస్తుంది, అది వేరే కథ.

ఏ పుస్తకంలోనూ మెట్టుగా రాయనిది: పొరుగువాళ్ళు

పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసినా సరే, పక్కింటివాడితో గొడవ ఉంటే ఆగిపోతారు. ఏకగ్రీవం అన్న నియమంలో ఉన్న చిక్కే ఇది, అర్హత ఉన్న దేశం కూడా దీనివల్ల ఏళ్ళకేళ్ళు గుమ్మం దగ్గర నిలబడుతుంది.

క్రొయేషియా, స్లొవేనియాల మధ్య పిరాన్ అనే చిన్న అఖాతం ఉంది. స్లొవేనియాకి ఉన్న మొత్తం సముద్ర తీరం 47 కిలోమీటర్లు లోపే, అఖాతంలో గీత ఎక్కడ పడుతుందన్నది వాళ్ళకి ప్రాణసమానం. ఈ తగువు మీద 2008 డిసెంబర్ నుంచి సుమారు పది నెలలు స్లొవేనియా క్రొయేషియా చర్చలకి మోకాలడ్డింది. చివరికి మధ్యవర్తుల దగ్గరికి తీసుకెళ్దామని 2009లో రాజీ కుదిరాక కదిలింది. అంతకు ముందే ఇంకో ఆటంకం: 2005 మార్చిలో మొదలవ్వాల్సిన చర్చలు, యుద్ధ నేరాల కేసులో వాంటెడ్‌గా ఉన్న జనరల్ గొటోవినా విషయంలో హేగ్ ట్రిబ్యునల్‌కి (పాత యుగోస్లావియా యుద్ధ నేరాలని విచారించే అంతర్జాతీయ కోర్టు) పూర్తిగా సహకరించడం లేదని అక్టోబర్‌కి వాయిదా పడ్డాయి.

ఉత్తర మాసిడోనియా సంగతి చూస్తే మాత్రం బాధేస్తుంది. మాసిడోనియా అన్నది మా రాష్ట్రం పేరు, మీరు పెట్టుకోకూడదు అని గ్రీస్ ఏళ్ళ తరబడి ఆపింది. 2018లో ప్రెస్పా సరస్సు ఒడ్డున ఒప్పందం చేసుకుని, 2019లో దేశం పేరే మార్చుకున్నారు. ఒక దేశం తన పేరు మార్చుకోవడం అంటే పాస్‌పోర్టుల నుంచి ఆఫీసు బోర్డుల దాకా అన్నీ మార్చడం, పైగా సొంత జనానికి ముఖం చూపించగలగడం. అంతా చేసి వస్తే అదే ఏడాది అక్టోబర్‌లో ఫ్రాన్స్ వద్దంది. 2020లో బల్గేరియా వద్దంది: మీ భాష, మీ చరిత్ర మా నుంచి వచ్చినవేనని ఒప్పుకోండి అన్న తరహా తగువు. 2022లో చర్చలు మొదలైనట్టు ప్రకటించారు, కానీ అక్కడి బల్గేరియన్ల ప్రస్తావన రాజ్యాంగంలో చేర్చాకే ముందుకి అన్న షరతు మెడ మీద ఉంది. అప్పటిదాకా ఉత్తర మాసిడోనియాతో జతకట్టి ఉన్న అల్బేనియాని 2024లో విడదీసి ముందుకి పంపించారు.

కొసోవోది ఇంకా కష్టం. 2022 డిసెంబర్‌లో దరఖాస్తు పెట్టింది, కానీ స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవాకియా, సైప్రస్ దాన్ని దేశంగానే గుర్తించలేదు. ఉక్రెయిన్ చర్చలు లాంఛనంగా 2024 జూన్‌లో మొదలైనా, హంగరీ ఒప్పుకోకపోవడంతో 2025 మొత్తం ఒక్క క్లస్టర్ కూడా తెరుచుకోలేదు.

ఐదో మెట్టు: ఒప్పందం, ఆమోదాలు

చాప్టర్లన్నీ మూశాక చేరిక ఒప్పందం రాస్తారు. యూరోపియన్ పార్లమెంటు మొత్తం సభ్యుల్లో సగానికి పైగా సరే అనాలి, తర్వాత సంతకాలు, ఆ తర్వాత ప్రతి సభ్య దేశమూ తన పద్ధతిలో ఆమోదించాలి. ఫ్రాన్స్ రాజ్యాంగం ప్రకారం కొత్త దేశాన్ని చేర్చుకోవాలంటే అక్కడ రెఫరెండం పెట్టాలి, లేదా పార్లమెంటులో ఐదింట మూడొంతుల మద్దతుతో గట్టెక్కించాలి.

చేరబోయే దేశం కూడా సాధారణంగా తన జనాన్ని అడుగుతుంది. క్రొయేషియాలో 2012 జనవరిలో సుమారు 66 శాతం అవునన్నారు, అయితే ఓటుకి వచ్చినవాళ్ళు సగం కూడా లేరు. నార్వే రెండుసార్లు, 1972లో, 1994లో, అన్ని మెట్లూ ఎక్కి గుమ్మం దాకా వచ్చాక జనం వద్దంటే వెనక్కి వెళ్ళిపోయింది.

క్రొయేషియా తేదీలు వరుసగా రాస్తాను, వేగం అర్థమవుతుంది. దరఖాస్తు 2003 ఫిబ్రవరి. హోదా 2004 జూన్. చర్చలు 2005 అక్టోబర్. చర్చల ముగింపు 2011 జూన్. సంతకం 2011 డిసెంబర్. సంతకం అయ్యాక కూడా కమిషన్ 2012లో ఇంకో పది పనులు మిగిలాయని చెప్పింది, పాత యుగోస్లావియా కాలం నాటి ఒక బ్యాంకు డిపాజిట్ల గొడవ మీద స్లొవేనియా పార్లమెంటు ఆమోదం 2013 వసంతం దాకా ఆగింది. సభ్యత్వం 2013 జులై. మొత్తం పదేళ్ళు దాటింది, ఇది సాఫీగా నడిచిన కేసుల్లో ఒకటి.

చేరాక కూడా

ఈయూ సభ్యత్వం వేరు, యూరో కరెన్సీ వేరు, షెంజెన్ (సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగగలిగే దేశాల గుంపు) వేరు. మనవాళ్ళు ఎక్కువగా కలిపేసుకునేవి ఈ మూడే. క్రొయేషియాకి షెంజెన్, యూరో రెండూ 2023 జనవరి 1న వచ్చాయి, చేరిన తొమ్మిదిన్నరేళ్ళకి. అందుకే ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళు ఆ రెసిడెన్స్ కార్డుతోనే విహారానికి క్రొయేషియా వెళ్ళొస్తున్నారు. రొమేనియా, బల్గేరియా 2007లో చేరితే భూ సరిహద్దులతో సహా పూర్తి షెంజెన్ 2025 జనవరికి గానీ రాలేదు. ఐర్లాండ్ ఈయూలో ఉంది, షెంజెన్‌లో లేదు. స్విట్జర్లాండ్, నార్వే షెంజెన్‌లో ఉన్నాయి, ఈయూలో లేవు.

ఇప్పుడు ఏ దేశం గురించి ఎవరేం చెప్పినా ఇలా చూడండి

హోదా వచ్చిందా అన్నది కాదు, చర్చలు మొదలయ్యాయా అని అడగండి. మొదలైతే ఎన్ని చాప్టర్లు మూశారు అని అడగండి, తెరిచినవి కాదు. మోంటెనెగ్రో 2012లో చర్చలు మొదలుపెట్టి 2020కల్లా 35లో తెరవాల్సిన 33 చాప్టర్లూ తెరిచింది, అయినా ఆ తర్వాత ఏళ్ళ తరబడి మూయడం దగ్గరే ఆగింది. చివరగా, ఆ దేశానికి ఏ సభ్య దేశంతో తగువు ఉందో చూడండి.

జార్జియాకి ఇవే ప్రశ్నలు వేద్దాం. హోదా 2023 డిసెంబర్‌లో వచ్చిన మాట నిజం. 2024లో అక్కడి ప్రభుత్వం విదేశీ నిధులు తీసుకునే సంస్థల మీద తెచ్చిన చట్టం తర్వాత ప్రక్రియ ఆగిపోయినట్టేనని ఈయూ నాయకులు జూన్‌లో ప్రకటించారు. నవంబర్ 28న అక్కడి ప్రధానే 2028 చివరి దాకా చర్చల అంశాన్ని ఎజెండాలో పెట్టం అన్నారు, ఆ రాత్రి నుంచి రాజధాని టిబిలిసిలో రుస్తావెలి వీధి నిరసనలతో నిండిపోయింది. చర్చలు అసలు మొదలే కాలేదు, మూసిన చాప్టర్ల మాట ఎక్కడిది.

ఒకవేళ రేపే చేరినా మా బంధువుల అబ్బాయికి ఒరిగేది తక్కువ. ఒక దేశంలో చదివిన డాక్టరు డిగ్రీ ఇంకో దేశంలో దానంతటదే చెల్లే ఏర్పాటు ప్రధానంగా ఈయూ పౌరులకి ఉద్దేశించింది, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఏ దేశానికి వెళ్తే ఆ దేశం సొంత నియమాలూ, భాషా పరీక్షా దాటాలి. ఇండియాకి తిరిగొస్తే విదేశీ వైద్య పట్టభద్రులకి పెట్టే స్క్రీనింగ్ పరీక్ష ఎలాగూ ఉంది.

ఇవన్నీ విని ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కోర్సు ఆరేళ్ళన్నారు, క్రొయేషియాకి పదేళ్ళు పట్టింది, వీళ్ళు ఇంకా మొదలే పెట్టలేదంటావు" అని లెక్క ఆయనే వేసుకున్నారు. జార్జియా వద్దని నేను అనలేదు. కాలేజీ ఎలాంటిది, ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయి, అక్కడ చదివినవాళ్ళలో ఎంతమంది ఇక్కడి పరీక్ష పాసయ్యారు, ఇవి కనుక్కోమన్నాను. వచ్చే వారం ఇద్దరు సీనియర్లతో మాట్లాడతానన్నారు.